పూసల నగకు చివరి పని: రింగు బిగింపు

(మన సంఘం మహిళా శిక్షణ తరగతి వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని "చేతి నగల తయారీ" మీద కాసేపు మాట్లాడమన్నారు. అది ఒక సభలో ఒదిగే విషయం కాదు. ముత్యాల ఎంపిక, పూసల రంగులు, కూర్పు ఇవన్నీ తరగతిలో రోజూ చెప్పుకుంటూనే ఉన్నాం. అందుచేత ఈవేళ ఒకే ఒక్క వస్తువు గురించి మాట్లాడదామని నిశ్చయించుకున్నాం. అది జంప్ రింగు. కొందరు ఒట్టి రింగు అంటారు, కొందరు కడీ అంటారు. కందిగింజంత తీగ చుట్ట, మధ్యలో ఒక కోత. పతకాన్ని గొలుసుకు కలిపేది అదే. జుమ్కీని చెవి కొక్కేనికి కలిపేది అదే. హారం చివర హుక్కును పట్టుకొని ఉండేదీ అదే. నగలో అన్నిటికంటె చౌక వస్తువు, అన్నిటికంటె ముందు మోసం చేసేది కూడా అదే.

ఇంత చిన్నదానికి ఇంత ప్రసంగమా అని వెనుక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. కారణం చెబుతాం వినండి. మా తరగతిలో పని నేర్చుకున్న ఒక చెల్లి కిందటి పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక దుకాణానికి సెట్లు కట్టి ఇచ్చింది. పూసలు, పతకాలు, రింగులు అన్నీ దుకాణంవారు ఇచ్చినవే, కూలి మాత్రం సెట్టుకు ఇంత అని. నెల తిరక్కుండా పదకొండు సెట్లు వెనక్కి వచ్చాయి. ఒకదానికి పతకం లేదు, ఒకదానికి ఒక జుమ్కీ లేదు. నికా ఇంట్లో పెళ్ళికూతురి చెల్లెలు ఒక చెవికి జుమ్కీ, ఒక చెవికి వట్టి కొక్కెం పెట్టుకొని ఫోటోలో నిలబడిందట. దుకాణంవారు ఆ పదకొండు సెట్ల కూలీ కోసేశారు. పైగా "ఇంట్లో చేసిన పని ఇంతే" అన్నారు. ఆ సెట్లు మేము తెప్పించి చూశాం. పూస చెడలేదు, దారం తెగలేదు, కూర్పులో వంక లేదు. రింగులు నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. వేళ్ళతో నొక్కితేనే వంగిపోయే మెత్తని లోహం అది. దాన్ని ఎంత బాగా బిగించినా నిలవదు.

భర్త లేని మనిషి, ఇద్దరు పిల్లలు. ఆ కూలి ఆమెకు నెల బియ్యం. కనుక ఈ మాట చిన్నది కాదు.

మన పాత నగల సంగతి చూడండి. హైదరాబాదులో పట్వా పనివారు ముత్యాల హారం కూర్చితే చివర పట్టుదారంతో దోరీ కట్టేవారు, ఇప్పటికీ కడుతున్నారు. దారం వెళ్ళే చోట ఉన్న బంగారు వలయానికి నోరు ఉండదు. కంసాలి దాన్ని వెలిగారం వేసి టంకంతో అతికేశాడు. దారం ఆ వలయంలోంచి తిరిగి వచ్చి ముడి పడుతుంది. అందువల్ల నానీల కాలం నాటి సత్‌లడా దారం మార్పించుకుంటూ ఇప్పటికీ వేసుకుంటున్నాం. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేసిన హారమైతే, దారం తెగినా ఒకటో రెండో జారతాయి తప్ప అన్నీ నేలపాలు కావు. ఆ పనివారు పుస్తకాలు చదివి నేర్చుకోలేదు గాని, నగ ఎక్కడ తెగుతుందో వాళ్ళకు తెలుసు.

ఇంకొక ఉదాహరణ. పూర్వం యుద్ధాల్లో తొడుక్కున్న ఇనుప వలయాల కవచం, జిరా అనేవారు దాన్ని, మ్యూజియంలో మీరు చూసే ఉంటారు. వేల వలయాలు ఒకదానిలో ఒకటి. మంచి జిరాలో ప్రతి వలయం కొసలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చిన్న మేకు కొట్టి బిగించేవారు. వట్టినే కొసలు ఆనించి వదిలేస్తే ఈటె మొన తగిలి వలయం నోరు తెరుస్తుంది. మనకు ఈటెలు లేవు గాని, దుపట్టా అంచు ఉంది, చంటిపిల్ల వేళ్ళున్నాయి, బురఖా తీసేటప్పుడు తగులుకునే కొక్కెం ఉంది. పని అదే.

ఇక రింగు సంగతికి వద్దాం. కొనేటప్పుడు రెండు కొలతలు అడగాలి: తీగ లావు ఎంత, లోపలి వ్యాసం ఎంత. "చిన్న సైజు, పెద్ద సైజు" అని అడిగితే దుకాణంలో ఏదో ఒకటి పొట్లం కట్టి ఇస్తారు. తీగ లావును గేజిలో చెబుతారు. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని మరచిపోకండి. మన బజారులో నడిచే స్టాండర్డు గేజి ప్రకారం 18 గేజి అంటే సుమారు 1.22 మిల్లీమీటర్లు, 20 గేజి 0.91, 22 గేజి 0.71. జుమ్కీ, చిన్న లోలకు వంటివాటికి 22 గేజి, 3 మిల్లీమీటర్ల రింగు సరిపోతుంది. హారం హుక్కుకు 20 గేజి. బరువైన పతకానికి 18 గేజి, లోపల 4 మిల్లీమీటర్లు.

లావు ఒక్కటే చాలదు. అదే 20 గేజి తీగను 3 మిల్లీమీటర్ల రింగు చుడితే గట్టిగా ఉంటుంది. 6 మిల్లీమీటర్ల రింగు చుడితే లాగగానే సాగుతుంది. వలయం ఎంత పెద్దదైతే తీగకు అంత బలం తక్కువ. అందంగా కనబడుతుందని పెద్ద రింగు వేయాలనుకుంటే తీగ లావు కూడా పెంచాలి. తీగ లావుకు మూడు నాలుగు రెట్లు లోపలి వ్యాసం ఉంటే నిబ్బరంగా ఉంటుందని మా అనుభవం. అయిదు రెట్లు దాటితే మాకు నమ్మకం లేదు.

లోహం విషయం. అల్యూమినియం రింగు రంగు బాగుంటుంది, తేలిగ్గా ఉంటుంది, మెత్తన. బరువు మోయించకండి. ఇత్తడి బాగా నిలుస్తుంది. మేలిమి వెండి మెత్తన, అందుకే నూటికి ఏడున్నర పాళ్ళు రాగి కలిపి 92.5 వెండి చేస్తారు. అది రింగుకు పనికివస్తుంది. స్టీలు అన్నిటికంటె గట్టిది, కాని ఆడవాళ్ళ చేతికి లొంగడం కష్టం, సాయంత్రానికి బొటనవేలు వాస్తుంది. మెరుపు పూత వేసిన రింగును పదే పదే తెరిస్తే పూత పగిలి లోపలి లోహం బయటపడుతుంది. ఆ పూత కింద నికెల్ ఉంటే కొందరికి చెవులు దురదపెట్టి రసి కారుతుంది. ఐరోపా దేశాలవారు 1994లోనే ఈ నికెల్‌కు హద్దు పెట్టారు, చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువులోంచి చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాముకు మించి విడుదల కాకూడదని. మన సెట్లు బంధువుల ద్వారా పైదేశాలకు కూడా వెళ్తున్నాయి గదా, నికెల్ లేని రింగులు అడిగి కొనడం మంచిది. చెవికి, ముక్కుకు తగిలేవాటికి మరీను.

ఇప్పుడు తెరవడం. దీన్ని ఇక్కడే చేసి చూపిస్తున్నాం, వెనుకవాళ్ళు లేచి నిలబడినా ఫరవాలేదు. రెండు పట్టకార్లు కావాలి. మూతి లోపల పళ్ళు ఉండకూడదు. కరెంటు పనివాడి ప్లేయరుతో పడితే రింగు మీద ఎలుక కొరికినట్టు గాట్లు పడతాయి. అదొక్కటే ఇంట్లో ఉంటే మూతికి గుడ్డ టేపు చుట్టండి. రింగు కోత పైకి ఉండేటట్టు పట్టుకోవాలి. గడియారంలో పది దగ్గర ఒక పట్టకారు, రెండు దగ్గర ఇంకొకటి. ఇప్పుడు కుడిచేతి కొసను ముందుకు తొయ్యండి, ఎడమచేతి కొసను మీవైపు లాక్కోండి. అంటే తలుపు తీసినట్టు పక్కకు తిప్పాలి. రెండు కొసలనూ చెరో వైపుకు సాగదీయకూడదు. సాగదీస్తే గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. మళ్ళీ దగ్గరకు తెచ్చినా ఆ గుండ్రం రాదు, కొసలు ఒకదానికొకటి ఎదురు పడవు. పక్కకు తిప్పినప్పుడు గుండ్రం అలాగే ఉంటుంది. పతకం దూరేంత సందు చాలు, అంతకు మించి తెరవవద్దు. రెండోచేతికి పట్టకారు లేనివాళ్ళ కోసం గాడి చెక్కిన ఒక ఉంగరం దొరుకుతుంది. దాన్ని వేలికి తొడుక్కొని గాడిలో రింగు పెట్టి తిప్పవచ్చు.

మూయడమే అసలు పని. లోహానికి తీసిన చోటికి మళ్ళీ వెనక్కి పోయే గుణం ఉంది. కొసలు ఎదురెదురుగా వచ్చాయి గదా అని వదిలేస్తే వెంట్రుకవాసి వెనక్కి జరుగుతాయి. అందుచేత కొసను దాని స్థానం దాటించి కొంచెం అవతలకు తీసుకుపోవాలి, తిరిగి ఇవతలకు తీసుకురావాలి. అలా రెండుసార్లు ఇటూ అటూ కదుపుతూ లోపలికి కాస్త నొక్కాలి. కొసలు ఒకదాన్నొకటి రాసుకొని టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. చేతికి కూడా తెలుస్తుంది. ఆ టిక్కు వినబడేదాకా మేము మా పిల్లలను లేవనివ్వం.

ఆ తరువాత చూసుకోవడం. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే కోత దగ్గర వెలుగు కనబడకూడదు. గోరు గీస్తే తగులుకోకూడదు. చివరికి ఒక సన్నదారం తీసుకొని రింగులో దూర్చి చుట్టూ తిప్పి లాగాలి. దారం ఎక్కడా పట్టుకోకుండా, బయటకు జారకుండా తిరిగితే రింగు మూసుకున్నట్టు. ఈ మూడు పరీక్షలకూ కలిపి మనం మాట్లాడుకున్నంతసేపు పట్టదు.

ఒకే రింగును నాలుగైదుసార్లు తీసి వేయడం మంచిది కాదు. లోహాన్ని వంచేకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడేకొద్దీ పెళుసవుతుంది, ఒకనాడు పట్టకారులోనే పుటుక్కుమంటుంది. పాత నగ విప్పినప్పుడు పాత రింగు పారేయండి. అది పొదుపు చేయవలసిన వస్తువు కాదు.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే వెనక్కి వచ్చే నగల్లో సగం ఇక్కడే చెడుతున్నాయని మా అనుమానం. కోత ఉన్న రింగుకు దారాన్ని సూటిగా కట్టకూడదు. రింగు ఎంత బాగా మూసినా కోత కోతే. పట్టుదారం, నైలాన్ దారం వెంట్రుకంత సందులోంచి కూడా జారుకుంటుంది. జారకపోతే కోత అంచు దాన్ని రోజూ రాస్తూ రంపంలా కోస్తుంది. కాబట్టి దారం చివర ఎప్పుడూ టంకం వేసిన, నోరు లేని వలయమే ఉండాలి. వలయంలోంచి వెళ్ళే దారానికి స్ప్రింగులా చుట్టిన సన్నతీగ గొట్టం తొడిగితే దారం అరగదు, చూడ్డానికీ బాగుంటుంది. ఆ తరువాత ఆ వలయానికీ హుక్కుకూ మధ్య మన జంప్ రింగు వస్తుంది. లోహానికీ లోహానికీ మధ్యే దాని చోటు.

కాలీ పోత్ లచ్ఛా చేసే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. నల్లపూసల పేటలు అయిదైనా ఏడైనా చివరికి అన్నిటి బరువూ ఒకే చోటికి వస్తుంది. అది పండక్కి పెట్టి తీసే నగ కాదు. పెళ్ళయిన రోజునుంచి మెడలోనే ఉండేది, నిద్రలో ఒత్తుకొనేది, స్నానంలో తడిసేది. అక్కడ ఒక రింగు మీద నమ్మకం పెట్టవద్దు. ఒకే రంధ్రాల్లోంచి రెండు రింగులు పక్కపక్కన వేయండి, ఒకటి కోత పైకి, ఒకటి కోత కిందికి. ఒకటి నోరు తెరిచినా రెండోది పట్టుకుంటుంది. లేదా తాళంచెవుల గుత్తికి ఉండేటట్టు రెండు చుట్లు తిరిగిన రింగు వేయవచ్చు. కొంచెం మొరటుగా కనబడుతుంది గాని జడ కింద ఉండేదానికి అందం ఎవరు చూస్తారు?

అయితే అన్నీ టంకం వేసేస్తే పీడా పోతుంది గదా అని మొన్న తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. మా అభిప్రాయం అది కాదు. పిల్ల చేయి తగిలి జుమ్కీని లాగితే ఏదో ఒకటి లొంగాలి. రింగు లొంగితే మళ్ళీ రింగు వేసుకుంటాం. రింగు లొంగకపోతే చెవి తమ్మె చిరుగుతుంది. అలాగే చిన్నపిల్లల మెడలో గొలుసు ఎక్కడైనా తగులుకుంటే తెగేదిగానే ఉండాలి. దానంతట అది తెరుచుకోని రింగు వేరు, ఎంత లాగినా తెరుచుకోని రింగు వేరు. చెవికి మొదటిది, లచ్ఛాకు రెండోది. ఇంకా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఈ పూసల నగలు అసలు వద్దు. ఊడిన పూస గొంతుకు అడ్డం పడుతుంది. చౌక మిశ్రమలోహాల్లో సీసం కూడా ఉండవచ్చు.

టంకం ఇంట్లో వేసేవారు జాగ్రత్త. పూసలు గుచ్చకముందే వేయించుకోవాలి, ముత్యానికి మంట తగిలితే రంగు పోతుంది, పగులుతుంది. కె.డి.ఎం. అని పిలిచే కాడ్మియం కలిసిన టంకం దగ్గరకు పోవద్దు. దాని పొగ ఊపిరితిత్తులకు విషం. పది వలయాలకు కంసాలి దగ్గరకు వెళ్ళడమే మేలు. ఇక జిగురు సంగతి. కోత మీద చుక్క జిగురు వేస్తే చాలని కొందరు చెబుతారు. జిగురు సందును కప్పుతుంది, పట్టుకోదు. చెమటకు, తలనూనెకు, అత్తరుకు నాలుగు నెలల్లో ఊడిపోతుంది. అత్తరు మాట వచ్చింది గనుక చెబుతున్నాం, ముందు అత్తరు పూసుకొని ఆరిన తరువాత ముత్యాలు వేసుకోండి. అత్తరు తగిలితే ముత్యం మెరుపు చస్తుంది.

రింగులు కొనకుండా మనమే చేసుకోవచ్చు, కష్టమేమీ కాదు. కమ్మచ్చులోంచి తీసిన గట్టి ఇత్తడి తీగ కొనండి. కాల్చి మెత్తబరచిన తీగ వద్దు. సన్న రింగుకు సైకిలు పుల్ల, దానికంటె లావుదానికి స్వెట్టర్ అల్లే సూది. దాని మీద తీగను సందు లేకుండా బిగువుగా చుట్టుకుంటూ పోవాలి. చుట్ట బయటకు తీస్తే స్ప్రింగులా ఉంటుంది. దాన్ని సన్నరంపంతో నిలువునా కోస్తే వరసగా రింగులు రాలతాయి, రెండు కొసలూ చదునుగా ఉంటాయి. రంపం లేక కట్టర్‌తో తుంచితే ఒక కొస చదునుగా, ఒక కొస మొనగా వస్తుంది. ఆ మొనను కట్టర్ తిప్పి పట్టుకొని మళ్ళీ ఒకసారి తుంచాలి. ఆ మొన ఉంచేస్తే కొసలు ఏనాటికీ కలవవు. మూడు మిల్లీమీటర్ల రింగుకు 20 గేజి తీగ సుమారు 12 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే మీటరు తీగకు వృథా పోగా 75కు పైగానే రింగులు వస్తాయి. లెక్క వేసుకోండి, పొట్లం కంటె చౌక, లోహమేమిటో మనకు తెలుసు.

ఇక్కడ పని ఇచ్చే సోదరులు, దుకాణదారులు కొందరు కూర్చున్నారు. వారితో కూడా ఒక మాట. ఒక హారానికి, జత జుమ్కీలకు కలిపి పద్నాలుగు రింగులు పడతాయనుకోండి. ఒక్కొక్కటి టిక్కుమనేదాకా మూసి, పరీక్ష చేయడానికి అర నిమిషం. మొత్తం ఏడు నిమిషాలు. సెట్టుకు ఇంత అని కూలి కట్టేటప్పుడు ఆ ఏడు నిమిషాలు ఎవరి లెక్కలోనూ ఉండవు. లెక్కలో లేనిదాన్ని పొయ్యి మీద అన్నం పెట్టుకొని పని చేసే మనిషి వదిలేస్తుందంటే ఆమెను ఏమనగలం? ఆ ఏడు నిమిషాలకు కూలి కట్టండి. సరుకు మీరే ఇచ్చేటట్టయితే గేజి, లోహం పొట్లం మీద రాసి ఇవ్వండి. సరుకు వల్ల చెడిన నగకు కూలి కోయకండి. మా చెల్లెళ్ళు కూడా ఇకమీదట పని తీసుకునేటప్పుడు ఒక రింగు తెరిచి మూసి చూసి, మెత్తనిదైతే అక్కడే చెప్పి తీసుకుంటారు. ఈ సంగతి సంఘం కార్యవర్గం ముందు కూడా పెట్టాం. సరుకు ఇచ్చిన రోజునే ఇద్దరి సంతకాలతో ఒక చీటీ ఉండాలని అడిగాం. వారు ఇంకా ఏమీ తేల్చలేదు.

సభ అయిన తరువాత ఆ పక్క వరండాలో రెండు బల్లలు వేయించాం. పట్టకార్లు ఆరు జతలున్నాయి, ఇత్తడి రింగులు మూడు సైజులు ఉన్నాయి. ఇంటినుంచి నగ తెచ్చుకున్నవారు మెడలోంచి తీసి దారం పరీక్ష చేసుకోవచ్చు. లచ్ఛాలు తెచ్చినవారివి ముందు చూస్తాం, వాళ్ళు పిల్లలతో తొందరగా ఇళ్ళకు వెళ్ళాలి. అద్దాలు మరచిపోయిన పెద్దలకు మా తరగతి అమ్మాయిలు చేసిపెడతారు. భోజనాల పిలుపు వచ్చేదాకా మేము అక్కడే ఉంటాం.